పెళ్లి డీవీడీ బ్యాకప్: సైజు ఎక్కడ తగ్గించాలి, ఎక్కడ తగ్గించకూడదు

2000 తర్వాత ఓ పదిహేనేళ్లలో పెళ్లి జరిగిన ఇళ్లలో, బీరువా పై అరలో ఒక డీవీడీ పెట్టె ఉండే అవకాశం చాలా ఎక్కువ. కవరు మీద వధూవరుల ఫొటో, వెనక స్టూడియో పేరు, లోపల రెండో మూడో డిస్కులు. వాటిని ఆడించిన ప్లేయర్ ఎప్పుడో మూలపడింది. కొత్త ల్యాప్‌టాప్‌లకు డ్రైవే ఉండటం లేదు. ఎప్పటికో ఎవరో ఒకరు యూఎస్‌బీతో తగిలించే డీవీడీ డ్రైవ్ తెచ్చి, ఇవన్నీ ఫైళ్లుగా మార్చేద్దామని కూర్చుంటారు. వెంటనే వచ్చే సందేహం ఒకటే. ఒక్కో డిస్క్ నాలుగు జీబీల పైనే ఉంది, బొమ్మ చెడకుండా దీన్ని ఎంతకు తగ్గించొచ్చు?

సందేహం సహజమే గానీ అందులో రెండు పనులు కలిసిపోయాయి. దాచుకోవడానికి ఒక కాపీ కావాలి. చూడటానికి, బంధువులకు పంపడానికి ఇంకో కాపీ కావాలి. సైజు గొడవ రెండోదానికే. మొదటిదాన్ని అసలు కుదించకూడదు. ఇది విడదీసుకోకుండా మొదలుపెట్టినవాళ్లు సాధారణంగా మధ్యరకం ఫైల్ ఒకటి తయారుచేస్తారు. దాచుకోవడానికి అది నాసిరకం, వాట్సాప్‌లో పంపడానికి మరీ పెద్దది. ఆపైన డిస్కు పారేస్తారు. అక్కడితో ఇక చేయగలిగేదేమీ ఉండదు.

డిస్కులో అసలేముందో చూస్తే ఎందుకు కుదించకూడదో అర్థమవుతుంది. ఒకే పొర ఉన్న డీవీడీలో 4.7 జీబీ పడుతుంది. లెక్క సులువుగా గుర్తుండాలంటే ఒక్క సంగతి చాలు. ఎనిమిది బిట్లు ఒక బైటు కాబట్టి, సెకనుకు ఒక మెగాబిట్ చొప్పున గంటసేపు రాస్తే 450 ఎంబీ అవుతుంది. డీవీడీ ప్రమాణం ప్రకారం వీడియోకు సెకనుకు గరిష్ఠంగా 9.8 మెగాబిట్ల దాకా వాడొచ్చు. ఆ లెక్కన నింపితే డిస్కు గంట దాటగానే నిండిపోతుంది. కానీ స్టూడియో వాళ్లు ఒక్కో డిస్కులో మూడు గంటలు పట్టించారు. అంటే సెకనుకు మూడున్నర మెగాబిట్లకు కాస్త తక్కువ, అందులోనే మాటలూ పాటలూ. వీడియోకు 3.3 మిగిలిందనుకుంటే, సెకనుకు 25 ఫ్రేముల చొప్పున ఒక్కో ఫ్రేముకు వచ్చేది 16 కేబీ పైచిలుకు. ఫోన్‌తో తీసే ఒక మామూలు ఫొటోయే రెండు మూడు ఎంబీలు ఉంటోంది.

అంటే మన చేతికొచ్చిన డిస్కు అప్పటికే గట్టిగా పిండిన సరుకు. కెమెరాలో క్యాసెట్ మీద ఉన్నప్పుడు, మినీ డీవీ అయితే సెకనుకు 25 మెగాబిట్లు ఉండేది. స్టూడియోలో దాన్ని డీవీడీకి వాడే ఎంపెగ్-2 అనే కుదింపు పద్ధతిలోకి మార్చినప్పుడే చాలా పోయింది. ఆ పోయిన చోట గళ్లూ మరకలూ మిగిలాయి. ఇప్పుడు మళ్లీ కుదిస్తే, కొత్త ఎన్‌కోడర్, అంటే కుదించే సాఫ్ట్‌వేర్, ఆ గళ్లను కూడా బొమ్మలో భాగమే అనుకుని వాటికీ బిట్లు ఖర్చుపెడుతుంది, నిజమైన వివరాన్ని ఇంకొంత చెరిపేస్తుంది. ఎంత మంచి సాఫ్ట్‌వేర్ అయినా ఈ దారి ఒకవైపే.

మరి కుదించాలన్న ఆలోచన ఇంతగా ఎందుకు పాతుకుపోయింది? దానికి చరిత్ర ఉంది. 2000ల మొదట్లో హార్డ్ డిస్కులు చిన్నవి, ఖరీదైనవి. రెండున్నర గంటల సినిమాను 700 ఎంబీ సీడీలో ఇరికించడం అప్పట్లో ఒక విద్య. లెక్కేస్తే సెకనుకు 650 కిలోబిట్లు, శబ్దంతో సహా. అలా కుదించే డివ్ఎక్స్, ఎక్స్‌విడ్ రోజులవి. రెండు పొరల 8.5 జీబీ డిస్కులోని సినిమాను 4.7 జీబీ ఖాళీ డిస్కులోకి దించడానికి డీవీడీ ష్రింక్ అనే సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లు. ఖాళీ డిస్కుకు డబ్బు పెట్టాల్సి వచ్చినప్పుడు ఆ తెలివి పనికొచ్చింది. ఇప్పుడు ఒక టీబీ హార్డ్ డిస్కులో నిండు డీవీడీలు రెండు వందలకు పైగా పడతాయి. మూడు డిస్కుల పెళ్లి మొత్తం 14 జీబీ. ఆ జాగా కోసం అప్పగింతల్లో అమ్మమ్మ ముఖాన్ని మసక చేసుకోవడంలో అర్థం లేదు.

కాబట్టి దాచుకునే కాపీ ఉన్నది ఉన్నట్టుగా తీయాలి. దీనికి రెండు పద్ధతులు. మొదటిది ఐఎస్ఓ, అంటే డిస్కు మొత్తాన్ని ఒకే ఫైల్‌గా దించడం. మెనూ, అందులో వెనక మోగే పాట, సీన్ల విభజన అన్నీ అలాగే ఉంటాయి. వీఎల్‌సీ ప్లేయర్‌లో డిస్కు పెట్టినట్టే తెరుచుకుంటుంది. రెండోది మేక్‌ఎంకేవీ లాంటి సాఫ్ట్‌వేర్‌తో వీడియోను, ఆడియోను మళ్లీ ఎన్‌కోడ్ చేయకుండా ఎంకేవీ అనే డబ్బాలోకి మార్చడం. మెనూ పోతుంది, బొమ్మలో ఒక్క బిట్ కూడా మారదు. పెళ్లి మెనూలు కొన్ని చూడముచ్చటగా ఉంటాయి, కొన్ని ఎగిరే గుండెలు, గులాబీలతో నవ్వు తెప్పిస్తాయి. అవి కూడా ఆ కాలపు గుర్తులే గనక జాగా ఉన్నవాళ్లు ఐఎస్ఓ ఉంచుకోవడం మేలు.

చాలామంది చేసేది ఈ రెండూ కాదు. డిస్కు తెరిచి, వీడియో టీఎస్ ఫోల్డర్‌లో బొమ్మా శబ్దమూ ఉండే వీఓబీ ఫైళ్లను లాగి హార్డ్ డిస్కులో పడేస్తారు. డీవీడీ పద్ధతిలో ఒక్కో వీఓబీ ఒక జీబీకి మించకూడదు కాబట్టి అక్షరం మధ్యలో తెగినట్టు మంత్రం మధ్యలో తెగిపోతుంది. ఏ ముక్క ఎక్కడ మొదలవుతుందో చెప్పే ఐఎఫ్ఓ ఫైళ్లు లేకపోతే టైమ్ కూడా తప్పు చూపిస్తుంది. ఫోల్డర్ మొత్తాన్ని యథాతథంగా కాపీ చేస్తే ఫరవాలేదు. విడి ముక్కలు ఏరుకోవడంతోనే చిక్కు.

ఇంకో ఇబ్బంది డిస్కు చదవకపోవడం. స్టూడియోలో రాసిన డిస్కులు, కంపెనీలో అచ్చొత్తిన సినిమా డిస్కులు ఒకటి కావు. రాసిన డిస్కులో సమాచారం ఉండేది ఒక రంగు పొర మీద. ఎండకూ వేడికీ అది పాడవుతుంది. మీద అంటించిన కాగితం స్టిక్కర్ ఒక పక్కకు లేచినా చదవడం కష్టమే. మామూలుగా కాపీ చేస్తే మొదటి గీత దగ్గరే ఎర్రర్ ఇచ్చి ఆగిపోతుంది. అలాంటప్పుడు లినక్స్‌లో దొరికే డీడీరెస్క్యూ పద్ధతి బాగుంటుంది. ముందు సులువుగా వచ్చే భాగాలన్నీ తీసేసుకుని, రానివాటి పట్టిక రాసుకుని, తర్వాత వాటి కోసం వెనక్కి వస్తుంది. ఒక డ్రైవ్‌లో రాని భాగం ఇంకో డ్రైవ్‌లో వచ్చే అవకాశం ఉంది. అదే పట్టికతో డ్రైవ్ మార్చి కొనసాగించొచ్చు. డీవీడీలో ఒక సెక్టార్ 2048 బైట్లు, అలాంటివి కొన్ని పోయినా అర సెకను గళ్లు కనిపించడం తప్ప మిగతా పెళ్లి దక్కుతుంది.

డిస్కు లోపలి నుంచి అంచు వైపు రాస్తారన్నది గుర్తుంచుకోవాల్సిన సంగతి. నిండా రాసిన డిస్కులో చివరి భాగం వెలుపలి అంచున ఉంటుంది. వేలిముద్రలు, గీతలు ఎక్కువగా పడేది అక్కడే, రాసేటప్పుడు నాణ్యత తగ్గేదీ అక్కడే. మొదటి పది నిమిషాలు చూసి బాగానే వచ్చిందనుకోవడం సరిపోదు. కాపీ అయ్యాక ముందు చివరి పావుగంట తెరిచి చూడాలి. తుడవాల్సి వస్తే మెత్తటి బట్టతో మధ్య నుంచి అంచుకు నేరుగా తుడవాలి, గుండ్రంగా తిప్పకూడదు.

దాచుకునే కాపీ భద్రమైతే టెన్షన్ సగం తగ్గుతుంది. ఇక చూసే కాపీని ఎంతైనా కుదించుకోవచ్చు, తప్పు చేస్తే మళ్లీ చేసుకోవచ్చు. సైజుకూ నాణ్యతకూ మధ్య బేరం ఇక్కడే.

బేరం ఎలా ఆడాలన్నదానికి రెండు దారులున్నాయి. ఫైల్ ఇంత సైజు రావాలని ముందే చెప్పడం పాత దారి. నాణ్యత ఇంత ఉండాలి, సైజు ఎంతైనా కానీ అనడం రెండోది. ఉచితంగా దొరికే, వీడియోలను మార్చే హ్యాండ్‌బ్రేక్ అనే సాఫ్ట్‌వేర్‌లో దీన్ని ఆర్ఎఫ్ అనే అంకెతో చెబుతాం. అంకె తగ్గేకొద్దీ నాణ్యత, సైజు రెండూ పెరుగుతాయి. డీవీడీ స్థాయి బొమ్మకు 18 నుంచి 22 మధ్య ఉంచమని ఆ సాఫ్ట్‌వేర్ వాళ్లే చెబుతారు. ఆరు అంకెలు పెంచితే ఫైల్ సుమారు సగమవుతుంది.

పెళ్లి వీడియోకు రెండో దారే ఎందుకు నప్పుతుందో తలంబ్రాల దగ్గర తెలుస్తుంది. ఎంపెగ్-2 గానీ దాని తర్వాత వచ్చిన హెచ్.264 గానీ బొమ్మను చిన్న చదరాలుగా కోసుకుని, ఈ ఫ్రేములోని చదరం వెనకటి ఫ్రేములో ఎక్కడుందో వెతుకుతాయి. దొరికితే, ఇంత పక్కకు జరిగింది అని రాసేస్తే సరిపోతుంది. వేదిక మీద వధూవరులు కూర్చుని ఉంటే, చుట్టాలు ఒక్కొక్కరే వచ్చి అక్షింతలు వేసి వెళుతుంటే, వెనక తెర కదలదు, కుర్చీలు కదలవు. బిట్లు పెద్దగా ఖర్చు కావు. తలంబ్రాలు మొదలయ్యేసరికి పసుపు కలిపిన బియ్యం, ముత్యాలు, థర్మాకోల్ పూసలు వేల సంఖ్యలో ఒక్కసారిగా పైనుంచి పడతాయి. ఏ గింజా వెనకటి ఫ్రేములో ఉన్నచోట ఉండదు, ఒకదానికి ఇంకొకటి పోలిక దొరకదు. వెనక జనం చేతులెత్తి నవ్వుతుంటారు, ఫొటోగ్రాఫర్ల ఫ్లాష్‌లు వెలుగుతుంటాయి. ఫ్లాష్ వెలిగిన ఫ్రేములో మొత్తం వెలుతురే మారిపోతుంది కాబట్టి పాత పోలికలేవీ పనికిరావు. పెళ్లి మొత్తంలో కోడెక్‌కు, అంటే ఇలాంటి కుదింపు పద్ధతికి, ఇంతకంటే కష్టమైన ఘట్టం లేదు. చూసేవాళ్లు ఆపి మళ్లీ మళ్లీ చూసేదీ అదే.

సైజు ముందే బిగించేసి ఒకే ధారలో బిట్లు పోస్తే ఇక్కడ చాలవు, గింజలు గళ్లలో కలిసిపోతాయి, అక్షింతల వరుసలో మాత్రం బిట్లు వృథాగా మిగిలిపోతాయి. సైజే ముఖ్యమైతే రెండు సార్లు చదివి పంచే టూ పాస్ పద్ధతి దీన్ని చాలావరకు సరిచేస్తుంది. అయినా మొత్తం ఎంత ఇవ్వాలో ముందే ఊహించాల్సిందే. నాణ్యత అంకె పెడితే ఆ ఊహ అక్కర్లేదు. మూడు గంటల పెళ్లి ఆర్ఎఫ్ 20 దగ్గర మామూలుగా ఒకటిన్నర నుంచి మూడు జీబీల మధ్య వస్తుంది. వెలుతురు బాగుండి కెమెరా స్టాండు మీద ఉన్న పెళ్లి తక్కువలో తేలుతుంది. రాత్రి ముహూర్తం, చేతి కెమెరా అయితే ఎక్కువవుతుంది.

అయితే, "క్వాలిటీ పోయింది" అని జనం వాపోయే ఫైళ్లలో చాలావాటికి బిట్లు తక్కువ కావడం కారణం కాదు. అసలు దోషం ఇంటర్‌లేసింగ్. మన దేశపు టీవీ పద్ధతి అయిన పాల్‌లో బొమ్మ 720 బై 576. ఆ 576 గీతలను కెమెరా ఒకేసారి తీయదు. సెకనులో యాభయ్యో వంతుకు సరి గీతలు, తర్వాతి యాభయ్యో వంతుకు బేసి గీతలు తీస్తుంది. పాత టీవీలు కూడా అలాగే చూపించేవి కాబట్టి తేడా తెలిసేది కాదు. ఫోన్ తెర, ఎల్‌ఈడీ టీవీ ఆ రెండు సగాలనూ కలిపి ఒకేసారి చూపిస్తాయి. పెళ్లికొడుకు చెయ్యి కదిపితే దాని అంచున దువ్వెన పళ్లలా అడ్డగీతలు లేస్తాయి. డీఇంటర్‌లేస్ చేయకుండా, అంటే ఆ సగాలను సరిచేసి పూర్తి ఫ్రేములుగా మార్చకుండా, ఎన్‌కోడ్ చేస్తే ఆ పళ్లు శాశ్వతంగా బొమ్మలో ఉండిపోతాయి, పైగా సన్నటి గీతలన్నిటికీ బిట్లు తినేసి ఫైల్‌ను పెంచుతాయి. సైజు పెరిగి నాణ్యత తగ్గడం అన్నమాట.

హ్యాండ్‌బ్రేక్‌లో డీఇంటర్‌లేస్ పెట్టినప్పుడు బాబ్ అనే ఎంపిక కనిపిస్తుంది. మామూలు పద్ధతి యాభై సగం బొమ్మల్ని 25 ఫ్రేములుగా చేస్తుంది. బాబ్ ఒక్కో సగం బొమ్మనూ ఒక ఫ్రేముగా పెంచి సెకనుకు 50 ఇస్తుంది. పాత టీవీలో చూసినప్పటి ఆ మెత్తటి కదలిక తిరిగొస్తుంది. ఫైల్ కొంత పెరుగుతుంది గానీ రెట్టింపు కాదు. సంగీత్ డాన్సులకూ, ఊరేగింపులో బ్యాండు ముందు గెంతులకూ ఆ కొద్ది ఎంబీలు పెట్టడం దండగ కాదు.

ఆకారం విషయంలోనూ ఇలాంటి తప్పే జరుగుతుంది. 720 బై 576 అన్నది 4:3 కాదు, 16:9 కూడా కాదు. డీవీడీలో చుక్కలు చదరంగా ఉండవు, ఎలా సాగదీసి చూపించాలో ప్లేయర్‌కు ఒక గుర్తు చెబుతుంది. ఆ గుర్తును వదిలేసి మారిస్తే మనుషులు సన్నగానో లావుగానో తేలతారు. 4:3 పెళ్లిని 768 బై 576గా చూపించాలి. తెర నిండా కనపడాలని 16:9కి లాగితే పెళ్లికూతురు ముఖం ఎవరిదో అయిపోతుంది. పక్కన నల్లటి ఖాళీ ఉన్నా నష్టమేం లేదు.

అమెరికాలో ఉన్న అన్నకో అక్కకో పంపిన డిస్కుల్లో ఇంకో మెలిక ఉండొచ్చు. అక్కడి ప్లేయర్లు ఆ దేశపు టీవీ పద్ధతి అయిన ఎన్‌టీఎస్‌సీవి, పాల్ డిస్కులను చాలావరకు ఆడించేవి కావు. అందుకని కొందరు స్టూడియోలో ఎన్‌టీఎస్‌సీలోకి మార్పించి పంపేవారు. ఆ మార్పులో 576 గీతలు 480 అయ్యాయి, 25 ఫ్రేములు 29.97 అయ్యాయి, కదలిక కుదుపులతో మిగిలింది. రెండు రకాలూ ఇంట్లో దొరికితే బ్యాకప్‌కు పాల్ డిస్కునే తీసుకోవాలి. కంప్యూటర్‌కు ఆ తేడా లెక్కే లేదు కాబట్టి ఇప్పుడు పాల్ ఫైల్‌ను 30 ఫ్రేములకు మార్చే పని కూడా లేదు.

రాత్రి పెళ్లిళ్లలో, వీహెచ్ఎస్ క్యాసెట్ల నుంచి తర్వాత డీవీడీకి ఎక్కించిన 80లు, 90ల నాటి పెళ్లిళ్లలో, చీమలు పాకినట్టు కనిపించే నాయిస్ ఎక్కువ. ఎన్‌కోడర్ దృష్టిలో నాయిస్ అంటే ప్రతి ఫ్రేములోనూ కొత్తగా పడే చుక్కలు, అంటే ఆగని తలంబ్రాలు. ఆర్ఎఫ్ 18 పెడితే ఫైల్ అసలు డీవీడీ కంటే పెద్దది రావడం కూడా జరుగుతుంది. ఇక్కడ అంకె పెంచడం కంటే ఆ చుక్కలను తుడిచే తేలికపాటి డీనాయిస్ పెట్టడం మంచిది. తేలికపాటి అన్న మాట ముఖ్యం. గట్టిగా పెడితే ముఖాలు మైనం పూసినట్టు అవుతాయి, పట్టుచీర జరీ అంచు గీత కూడా మిగలదు. ఏఐతో హెచ్‌డీ చేస్తామనే యాప్‌ల మీద ఇంకాస్త అనుమానం ఉండాలి. అవి లేని వివరాన్ని ఊహించి గీస్తాయి. చిన్నగా కనపడే ముఖాల్లో ఆ ఊహ ఒక్కోసారి పోలికలనే మార్చేస్తుంది.

ఎర్ర చీర అంచు మెట్లు మెట్లుగా కనిపిస్తోందని మాత్రం సెట్టింగులు మార్చుకుంటూ కూర్చోవద్దు. డీవీడీలో వెలుతురుకు 720 బై 576 చుక్కలుంటే రంగుకు అందులో పావు వంతే, 360 బై 288. కుంకుమ రంగు, మందారం రంగు నల్లటి నేపథ్యం మీద పడినప్పుడు ఆ లోటు బయటపడుతుంది. అది డిస్కులోనే ఉంది.

కోడెక్ ఎంపిక గురించి వాదనలు ఎక్కువ, తేడా తక్కువ. ఇంకా కొత్తదైన హెచ్.265, 4కే వీడియోలో చూపించేంత లాభం డీవీడీ సైజు బొమ్మలో చూపించదు, పాత టీవీల్లో ఆడకపోవచ్చు కూడా. హెచ్.264, ఎంపీ4 పెడితే దాదాపు ప్రతి ఫోన్లోనూ టీవీలోనూ ఆడుతుంది. గ్రాఫిక్స్ కార్డుతో చేసే ఎన్‌కోడింగ్ వేగంగా అవుతుంది గానీ అదే సైజుకు నాణ్యత కాస్త తగ్గుతుంది. ఇంత చిన్న బొమ్మకు ప్రాసెసర్ చేతే చేయించినా పెద్ద ఆలస్యం కాదు.

సైజు నిజంగా, నష్టం లేకుండా తగ్గే చోటు ఒకటుంది, ఎవరూ చూడనిది: ఆడియో. చాలా డిస్కుల్లో అది ఏసీ-3 అనే కుదించిన రూపంలో ఉంటుంది, సెకనుకు రెండు మూడు వందల కిలోబిట్లు, దాన్ని ముట్టుకోనక్కర్లేదు. కానీ కొన్ని డిస్కుల్లో కుదించని ఎల్‌పీసీఎం ఉంటుంది, సెకనుకు 1536 కిలోబిట్లు. గంటకు 690 ఎంబీ. మూడు గంటల డిస్కులో రెండు జీబీలకు పైగా నాదస్వరమే ఆక్రమించిందన్నమాట, వీడియోకు రెండు మెగాబిట్లు కూడా మిగల్లేదు. చూసే కాపీలో దాన్ని 192 కిలోబిట్ల ఏఏసీ చేస్తే వినేవాళ్లకు తేడా తెలియదు, ఫైల్ మాత్రం గంటకు 600 ఎంబీల మేర తగ్గుతుంది.

కొనుక్కున్న సినిమా డిస్కుల కథ వేరు. చాలావాటికి సీఎస్ఎస్ అనే తాళం ఉంటుంది. మన కాపీరైట్ చట్టంలో 2012 సవరణతో వచ్చిన 65ఎ సెక్షన్ ప్రకారం, ఉల్లంఘించే ఉద్దేశంతో అలాంటి రక్షణను దాటడం నేరం, రెండేళ్ల దాకా జైలు పడొచ్చు. అమెరికాలో 1998 చట్టం ఇంకా కఠినం. ఇంటి పెళ్లి డిస్కుకు ఈ బెడద లేదు.

సెట్టింగులు ఖాయం చేసుకోవడానికి మూడు గంటలూ మార్చి చూడనక్కర్లేదు. హ్యాండ్‌బ్రేక్‌లో మొదలు, చివర టైమ్ ఇచ్చి ముక్క తీయొచ్చు. తలంబ్రాలు రెండు నిమిషాలు, రాత్రి ఊరేగింపు రెండు నిమిషాలు తీసి, ఆర్ఎఫ్ 18, 20, 22తో మూడు ముక్కలు చేసి, ఫోన్లో కాదు, హాల్లో టీవీ మీద మామూలుగా కూర్చునే దూరం నుంచి చూడాలి. తేడా కనపడని వాటిలో పెద్ద అంకె తీసుకోవాలి. పెన్‌డ్రైవ్ ఎఫ్ఏటీ32 అనే ఫార్మాట్‌లో ఉంటే ఒక్కో ఫైల్ 4 జీబీకి మించకూడదు, అందుకే దానిలోకి ఐఎస్ఓ ఎక్కదు. వాట్సాప్‌లో వీడియోగా పంపితే వాళ్లు మళ్లీ కుదిస్తారు. డాక్యుమెంట్‌గా పంపితే 2 జీబీ దాకా ఉన్నది ఉన్నట్టే వెళుతుంది. పెళ్లి అంతకు మించితే జీలకర్ర బెల్లం దాకా ఒక ఫైల్, అక్కడి నుంచి ఇంకో ఫైల్ చేసి పంపడం సులువు. చూసే పెద్దవాళ్లకు కూడా ఎక్కడ ఆపారో వెతుక్కోవడం తేలికవుతుంది.